నాటకానికి రెండో రాత్రి

ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం పంతులుగారి జయంతి. ఆ రోజునే తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆనాటి సభల్లో తప్పకుండా రెండు మాటలు వినబడతాయి. ఒక వక్త లేచి నాటకం చచ్చిపోతున్నదని వాపోతాడు. మరొక వక్త లేచి నాటకానికి చావు లేదని ధైర్యం చెబుతాడు. ఇద్దరికీ చప్పట్లు పడతాయి. ఆ సందడిలో నాటకం ఆడేవాడి సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. రంగు కడుక్కుని, తెల్లవారుజామున మొదటి బస్సు ఎక్కి ఇంటికి వెళ్ళే ఆ మనిషికి ఈ నూట నలభై ఏళ్ళలో అన్నం పెట్టినదెవరు? తెలుగు నాటక చరిత్రను ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని చదివితే, కవుల చరిత్రలో కనబడని సంగతులు కొన్ని కనబడతాయి. ఈ టపా ఆ ప్రయత్నమే.

1880లో ధార్వాడ నాటక సమాజంవారు రాజమహేంద్రవరం వచ్చి నాటకాలాడారు. వారు వెళ్ళిపోయాక, వారు విడిచిన పాకలోనే పంతులుగారు తమ విద్యార్థులచేత నాటకం ఆడించారు. అంటే మన ఆధునిక నాటకానికి మొదటి నటులు బడిపిల్లలు. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు 'చిత్రనళీయం' ప్రదర్శింపజేశారు. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు 'కన్యాశుల్కం' ఆడారు. ఈ సభలలోని వారిలో అధికులు ఉద్యోగులు, ప్లీడర్లు, ఉపాధ్యాయులు. ఆ తరువాతి తరంలో వెలిగిన బళ్ళారి రాఘవ, బందా కనకలింగేశ్వరరావు ఇద్దరూ న్యాయవాదులే. పగలు కచేరీ, రాత్రి రంగస్థలం. వారికి నాటకం వ్యసనం కావచ్చు, తపస్సు కావచ్చు, జీవిక మాత్రం కాదు. అందువల్ల వారు నచ్చిన నాటకాన్ని నచ్చిన రీతిలో ఆడగలిగారు. స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని రాఘవగారు పట్టుబట్టగలగడానికి ఆయన పట్టుదలతో పాటు ఆయన వృత్తి కూడా అండగా నిలిచి ఉంటుంది.

ఇదే కాలంలో కడప జిల్లా సురభి గ్రామంలో మరొక దారి మొదలయింది. 1885లో వనారస గోవిందరావుగారు 'కీచకవధ' ఆడించారు. అంతకుముందు తోలుబొమ్మలాడించిన కుటుంబాలవి. బొమ్మల స్థానంలో మనుషులు వచ్చారు. అన్నం మాత్రం ఆటమీదనే. టిక్కెట్టు తెగితేనే పొయ్యి వెలుగుతుంది. పిల్లలు పెద్దవారై వేరు కాపురాలు పెట్టినట్టే వేరు సమాజాలు పెట్టుకున్నారు. ఒక దశలో సురభి సమాజాలు ముప్పైకి పైగా ఉండేవి. కుటుంబమంతా రంగస్థలంమీదనే గనుక స్త్రీ పాత్రలకు స్త్రీలే దొరికారు. పట్టణాల్లోని సభలు ఏళ్ళ తరబడి వాదించుకున్న సమస్య సురభివారి డేరాలో సమస్యే కాలేదు.

టిక్కెట్టుమీద బతికేవాడికి ఒక క్రమశిక్షణ తప్పదు. ఇవాళ చూసినవాడు రేపు ఇంకొకరిని తీసుకురావాలి. అందుకే సురభివారి తెరలు, మాయలు, అగ్నిబాణాలు, ఆకాశం నుండి దిగే నారదుడు. వాటిని చూసి నవ్వే పండితులున్నారు. కానీ ఒకే ఊళ్ళో నెలల తరబడి డేరా వేసుకుని రోజుకొక నాటకం ఆడాలంటే ఎన్ని నాటకాలు నోటికి రావాలో, ఎంతమందికి ఎన్ని పాత్రలు సిద్ధంగా ఉండాలో ఆలోచిస్తే ఆ నవ్వు ఆగిపోతుంది. నటుడికి ప్రతి రాత్రీ పని ఉన్న రంగస్థలం మనకు అదొక్కటే.

మూడో దారి జమీందార్లది. మైలవరం జమీందారుగారి బాలభారతీ సమాజం నటులకు జీతాలిచ్చి పోషించింది. యడవల్లి సూర్యనారాయణగారివంటి నటులు అక్కడ వెలిగారు. జీతం నటుడికి సాధన చేసుకునే తీరిక ఇచ్చింది. అయితే ఆ తీరిక ప్రభువు అభిరుచి ఉన్నంతకాలమే. ప్రభువు కాలం చెల్లితే కంపెనీ కాలం కూడా చెల్లింది.

కంపెనీలు చెదిరాక వచ్చినవి కాంట్రాక్టు నాటకాలు. గుత్తేదారు ఒక ఊరి నుండి కృష్ణుణ్ణి, మరొక ఊరి నుండి అర్జునుణ్ణి, ఇంకొక ఊరి నుండి సత్యభామను పిలిపిస్తాడు. ఒక్క రాత్రికి బేరం. రిహార్సలు ఉండదు. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు, చిలకమర్తివారి 'గయోపాఖ్యానం', బలిజేపల్లివారి 'హరిశ్చంద్ర' అందరికీ కంఠతా వచ్చినవే గనుక రంగస్థలంమీదనే కలుసుకుని ఆడేసేవారు. పేరున్న గాయక నటుడికి ఇది స్వర్ణయుగం. పద్యం చివర రాగం తీస్తుంటే 'వన్స్ మోర్' అన్న కేకలు. తెల్లవారేదాకా జనం కదిలేవారు కారు. చిన్న పాత్రలవారికి మాత్రం చిల్లరే మిగిలేది. పద్యం బతికింది, పాత్రకూ పాత్రకూ నడుమ ఉండవలసిన నాటకం పలచబడింది. డబ్బు ఎవరి గొంతుకు వెడుతుందో కథ కూడా అటే వెడుతుంది.

ఆ పైన సినిమా వచ్చింది. 1932 ఫిబ్రవరిలో విడుదలైన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'. అందులో లీలావతి వేషం వేసినది సురభి కమలాబాయి. మన సినిమా మొదటి అడుగు వేసినది నాటకం కాళ్ళతోనే. తరువాత నాటకశాలలు సినిమా హాళ్ళయ్యాయి, ప్రేక్షకుడు అటు వెళ్ళాడు, వెనకనే నటుడూ వెళ్ళాడు. 1948లో విజయవాడలో ఆకాశవాణి కేంద్రం వచ్చాక కొందరికి ఆసరా దొరికింది. నెలజీతంమీద నటించడం జమీందార్ల తరువాత మళ్ళీ రేడియోలోనే సాధ్యమయింది. కాని రేడియోకు కావలసినవి గొంతులు, అవీ కొద్దిమందివే.

ఈ మార్పుల నడుమ పుట్టినది పరిషత్తు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడింది. దాని స్థాపనకు పూనుకున్నవారిలో సురభి గోవిందరావుగారు ముఖ్యులు కావడం గమనించదగ్గది. టిక్కెట్టుమీద బతికిన మనిషే, చెల్లాచెదరైన నటులకు ఒక వేదిక కావాలని తలచాడు. తరువాతి కాలంలో పరిషత్తు అంటే పోటీలే అన్న అర్థం స్థిరపడింది. క్రమంగా ఊరూరా పరిషత్తులు వెలిశాయి. సంక్రాంతికో, ఉగాదికో, ఊరి తిరునాళ్ళకో, చనిపోయిన ఒక కళాభిమాని పేరుమీదనో మూడు నాలుగు రోజులు పోటీలు. ఈనాటికీ తెలుగు నటుడికి, రచయితకు, దర్శకుడికి అవకాశం అంటే మొదట గుర్తొచ్చేది ఇదే.

పరిషత్తు ఎలా నడుస్తుందో ఎరగనివారికోసం నాలుగు మాటలు. సమాజాలు దరఖాస్తు చేసుకుంటాయి. నిర్వాహకులు ముందుగా పరిశీలించి కొన్నింటిని ఎంపిక చేస్తారు. నాటిక అయితే గంట లోపు, నాటకం అయితే రెండు గంటల వరకు. ఒక ప్రదర్శన ముగిసి రెండోది మొదలయ్యేలోగా సెట్టు విప్పి సెట్టు కట్టాలి. ముందు వరుసలో న్యాయనిర్ణేతలు కాగితాలు పట్టుకుని కూర్చుంటారు. ప్రవేశం ఉచితం. ప్రదర్శనకు ఇంత అని నిర్వాహకులిచ్చే సొమ్ము ప్రయాణానికి, రంగులకు, లైట్లకు సరిపోతే అదృష్టం. చివరి రోజున ఉత్తమ ప్రదర్శన, ఉత్తమ రచన, ఉత్తమ నటి, ఉత్తమ ప్రతినాయకుడు, ఉత్తమ ఆహార్యం అంటూ బహుమతులు, జ్ఞాపికలు, శాలువాలు.

పరిషత్తు మనకు చేసిన మేలు చిన్నది కాదు. పద్యం పాడలేనివాడు కూడా నటుడు కాగలడని నిరూపించినది సాంఘిక నాటకం. దానిని ఏళ్ళ తరబడి మోసినది పరిషత్తు వేదిక. ఆత్రేయ 'ఎన్జీవో'లోని గుమాస్తా బతుకు, తన బతుకే రంగస్థలంమీదకు వచ్చినట్టు మధ్యతరగతివారికి అనిపించింది. భమిడిపాటి రాధాకృష్ణగారి 'కీర్తిశేషులు' ఆడి రావు గోపాలరావు పేరు తెచ్చుకుని సినిమాకు వెళ్ళారు. పల్లెటూళ్ళలో బడిపంతుళ్ళు, బ్యాంకు గుమాస్తాలు, విద్యుచ్ఛాఖ ఉద్యోగులు ప్రతి ఏటా కొత్త నాటిక వ్రాసి, చందాలు పోగుచేసి, వాన్ మాట్లాడుకుని బయలుదేరుతూనే ఉన్నారు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు స్థాపించిన అజో-విభో సంస్థ కూడా ఇక్కడ నాటిక పోటీలు నిర్వహిస్తూ వచ్చింది. ఏ ప్రతిఫలమూ ఆశించని ఇంతమంది శ్రమ లేకపోతే కొత్త తెలుగు నాటకం ఏనాడో పుస్తకాల్లోకి వెళ్ళిపోయేది.

అయినా ఒక సంగతి చెప్పక తప్పదు. పరిషత్తు నాటకాన్ని పుట్టిస్తుంది, పెంచదు. ఒక ఊళ్ళో నాటిక ఒక్క రాత్రే ఆడుతుంది. మర్నాడు అదే ఊళ్ళో అదే నాటికకు చోటు లేదు. సమాజం మరొక పరిషత్తుకు వెడుతుంది. అక్కడా ఒక్క రాత్రే. ఏడాది తిరిగేసరికి ఆ నాటిక పాతదయిపోతుంది, కొత్తది కావాలి. ప్రేక్షకుడు డబ్బివ్వడు గనుక మళ్ళీ రమ్మని అడిగే హక్కు అతడికి లేదు. అడిగేది న్యాయనిర్ణేత, ఆయన మార్కులు వేసి వెళ్ళిపోతాడు. కనుక రచయిత మార్కులు తెచ్చే సన్నివేశం వ్రాస్తాడు. చివర పది నిమిషాల ఏడుపు, తండ్రి సుదీర్ఘ ఉపన్యాసం, ఒక సోఫా, ఒక టీపాయి, గుమ్మానికి ఒక తెర. ఇది ఎవరి తప్పూ కాదు. అన్నం పెట్టేవాడిని బట్టి ఆట మారుతుందన్న పాత సూత్రమే.

ఈ లెక్కలో అందరికన్నా చిత్రమైన స్థానం నటీమణులది. పరిషత్తు సమాజంలో మగవారంతా ఉద్యోగాలు చేసుకుంటూ సరదాకు ఆడేవారు. నటి మాత్రం సాధారణంగా పారితోషికం తీసుకుని వచ్చే వృత్తికళాకారిణి. ఒకే సీజనులో నాలుగైదు సమాజాల్లో నాలుగైదు పాత్రలు, రాత్రంతా ప్రయాణాలు, తెల్లవారితే ఇంకొక రిహార్సలు. ఆమెకు ఇవ్వవలసిన డబ్బుకు భయపడి ఒకే స్త్రీ పాత్రతో నాటిక వ్రాసేవారున్నారు, అసలు స్త్రీ పాత్రే లేకుండా వ్రాసేవారూ ఉన్నారు. స్త్రీల సమస్యమీద వ్రాసిన నాటికలో కూడా స్త్రీ పాత్రను తగ్గించుకోవలసి రావడం మన రంగస్థలపు నిత్యవిషాదం.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఒకటి మన చరిత్రలోనే ఉంది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి, సుంకర-వాసిరెడ్డిల 'మాభూమి'ని వందకు పైగా దళాలచేత ఊరూరా ఆడించింది. పోటీ లేదు, మార్కులు లేవు. ఒకే నాటకం వందల రాత్రులు బతికింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించేదాకా ఆగలేదు. అక్కడ అన్నం పెట్టినది పార్టీ, చూసినది ప్రజ. దాని పరిమితులు దానికీ ఉన్నాయి.

ప్రభుత్వం సంగతి. 1957లో సంగీత నాటక అకాడమీ వచ్చింది, 1961లో హైదరాబాదులో రవీంద్రభారతి వచ్చింది. 1980ల తొలినాళ్ళలో అకాడమీలు రద్దయ్యాయి. 1998లో నంది నాటకోత్సవాలు మొదలై, పరిషత్తు పోటీకే పెద్ద పీట, పెద్ద బహుమతి వేశాయి. పద్యనాటకానికి ప్రత్యేక విభాగం పెట్టడం వాటి గొప్ప మేలు. రాష్ట్ర విభజన తరువాత, కొన్నేళ్ళ విరామంపైన, 2023 డిసెంబరులో గుంటూరులో మళ్ళీ జరిగాయి. ఒక సర్కారు ఉత్సవం ఆగితే ఎన్ని సమాజాల సాధన ఆగుతుందో ఆ విరామంలో తెలిసింది. తెలంగాణలో సాంస్కృతిక సారథి ద్వారా 550 మంది కళాకారులకు ఉద్యోగాలిచ్చారు. కళాకారుడికి నెలజీతం ఇవ్వడం సామాన్యమైన పని కాదు. అయితే జీతంతో పాటు ప్రభుత్వ పథకాల పాట కూడా వచ్చింది.

ఇక 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'చింతామణి' ప్రదర్శనను నిషేధించింది. కాళ్ళకూరి నారాయణరావుగారి నాటకం ఒక సంస్కర్త వ్రాసినదనీ, సుబ్బిశెట్టి పాత్రను మోటు హాస్యంగా మార్చి ఒక కులాన్ని అవమానిస్తున్నారనీ రెండువైపులా వాదనలు నడిచాయి. ఆ మనోవేదన నిజమైనదే. కాని ఆ నాటకంమీదనే బతికే కళాకారులు తమ జీవనోపాధి పోయిందని హైకోర్టు గడప ఎక్కినప్పుడు, పండితుల చర్చలో లేని ఒక నిజం బయటపడింది. శతాబ్దం నాటి ఆ నాటకం అప్పటికి కూడా కొన్ని కుటుంబాలకు వంట సరుకు. పరిషత్తులో బహుమతి పొందిన ఎన్ని నాటికలు అలా ఒక్క ఇంటికైనా అన్నం పెట్టగలిగాయి?

ఈ ప్రశ్నే నన్ను ఈ టపా వ్రాయించింది. కళాకారుడికి అవకాశం అంటే బహుమతి అని మనం అలవాటు పడ్డాం. చరిత్ర చూస్తే అవకాశం అంటే రెండో రాత్రి. నిన్న చూసినవాడు చెప్పగా ఇవాళ వచ్చినవాడి కోసం అదే నాటకాన్ని నిన్నటికన్నా బాగా ఆడే వీలు. సురభికి అది ఉంది, 1990లలో బి.వి.కారంత్ వచ్చి వారితో 'భీష్మ', 'చండీప్రియ', 'బస్తీ దేవత యాదమ్మ' చేయించగలిగినది రోజూ ఆడే నటులు ఉన్నందువల్లనే. 2013లో రేకందార్ నాగేశ్వరరావుగారికి వచ్చిన పద్మశ్రీ ఆ రాత్రులన్నింటికీ కలిపి ఇచ్చిన గౌరవం.

పరిషత్తులు పోవాలని నేననను. ప్రథమ బహుమతి పొందిన నాటికను, శాలువా ఖర్చు తగ్గించుకుని అయినా, చుట్టుపక్కల పది ఊళ్ళలో ఆడించే ఏర్పాటు చేస్తే చాలు. పది రూపాయలైనా టిక్కెట్టు పెట్టాలి. డబ్బిచ్చినవాడు బాగాలేదని చెప్పే ధైర్యం చేస్తాడు. ఆ మాటే నాటకానికి మందు.

మీ మీ ఊళ్ళలో ఒకప్పుడు వేషాలు వేసినవారు, హార్మోనియం వాయించినవారు, తెరలు వ్రాసినవారు ఉండే ఉంటారు. వారు ఏ ఏ నాటకాలాడారో, రాత్రికి ఎంత పుచ్చుకున్నారో, ఎవరిచ్చారో అడిగి వ్రాసిపెట్టండి. కవుల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. ఈ లెక్కలు ఎక్కడా లేవు. అవి తెలిసినవారు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.