కోనసముద్రం కొలిమి దగ్గర ఇస్ఫహాన్ వ్యాపారి

విదేశీ కళాకారులు, చేతిపనివాళ్ళు మన పల్లెల పనిశాలలకు వచ్చి, కొన్నాళ్ళు అక్కడే ఉండి, స్థానికులతో కలిసి పనిచేసే పద్ధతి గురించి మామూలుగా వినిపించే కథ ఒకటుంది. అది పాశ్చాత్య దేశాల్లో పుట్టిందనీ, 1997లో ఢిల్లీలో మొదలైన ఖోజ్ వంటి సంస్థల ద్వారా మన దేశానికి వచ్చిందనీ, జిల్లాల దాకా ఇప్పుడిప్పుడే చేరుతోందనీ ఆ కథ చెబుతుంది. పట్టణాల చిత్రకళకు అది సరిపోతుందేమో. కరీంనగర్, ఆదిలాబాద్ సీమకు మాత్రం సరిపోదు. ఇక్కడి కొలుముల దగ్గరికి దూరదేశాల వాళ్ళు వచ్చి కూర్చోవడం కనీసం రెండు వందల ఏళ్ళ కిందటి సంగతి. అప్పటి ఏర్పాటులో ఇప్పటి శిబిరాల్లో లేని గుణం ఒకటుంది. నా పరిశీలన దాని గురించే.

తొలి దశలు అందరికీ తెలిసినవే. పెద్దబంకూరు, ధూళికట్ట, కోటిలింగాల తవ్వకాలు శాతవాహనుల నాటి ఇనుప పనినీ, దూరదేశాల వర్తకాన్నీ చూపించాయి. అయితే పరదేశపు నాణెం దొరికినంత మాత్రాన దాన్ని తెచ్చినవాడు ఇక్కడ కాపురమున్నాడని చెప్పలేం. నిర్మల్ నకాషీ పనిని నిమ్మనాయుడి కాలంతోనూ, ఎలగందుల వెండి తీగ పనిని కడార్ల రామయ్యతోనూ ముడిపెట్టే కథనాలున్నాయి. రెండింటిలోనూ బయటి నుంచి వచ్చిన నేర్పు ఇక్కడ స్థిరపడిందన్న ఊహ ఉంది. కాదనను గానీ, ఆ కథలకు ఆధారాలు పలచన. గట్టి ఆధారమున్న చోటు కోనసముద్రం.

ఈ ఊరు ఇప్పుడు నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో ఉంది. మెట్‌పల్లి దాటి పడమటికి కొద్ది దూరం పోతే చాలు. ఉక్కు తయారీకి జిల్లా హద్దులు లేవు. ఇనుప ఇసుక, బొగ్గు, మూస మట్టి అన్నీ పాత కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ పల్లెల మధ్య తిరిగేవి. నిర్మల్‌కు తూర్పున గోదావరి ఒడ్డు దిమ్మదుర్తి పేరు పాత భూగర్భ నివేదికల్లో ఇనుము కోసమే కనిపిస్తుంది.

లాంబ్టన్ నడిపిన మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడిగా, భూగర్భ పరిశీలకుడిగా పనిచేసిన హెన్రీ వాయిసీ కోనసముద్రం ఉక్కు తయారీని కళ్ళారా చూసి రాశాడు. అతను 1824లో చనిపోయాడు. రాసింది 1832లో బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు ఊళ్ళ ఇనుము తెచ్చి, ఒకటి మూడు పాళ్ళు, రెండోది రెండు పాళ్ళు కలిపి మూసలో పెట్టేవాళ్ళని అందులో ఉంది. మూసను ఒక పగలూ రాత్రీ కాల్చేవాళ్ళు. బయటికొచ్చిన ఉక్కు ముద్ద పెళుసుగా ఉంటుంది కాబట్టి, మట్టి పూసి మళ్ళీ మళ్ళీ కాచి మెత్తబరిచేవాళ్ళు.

ఈ తయారీ క్రమాన్ని చాలామంది ఉటంకించారు. దాని పక్కనే ఉన్న ఇంకో సంగతిని మాత్రం తేలిగ్గా దాటేశారు. వాయిసీ వెళ్ళేసరికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే వ్యాపారి అక్కడున్నాడు. మన పుస్తకాల్లో పర్షియన్లు వస్తారు, ఉక్కు కొంటారు, పోతారు. వాయిసీ చూసింది అది కాదు. ఇనుము పాళ్ళు తూచేటప్పుడు ఆ పర్షియన్లు దగ్గరుండేవాళ్ళు. కాచే పనిని పర్యవేక్షించేవాళ్ళు. ఉక్కు గట్టిదనాన్ని స్వయంగా పరీక్షించి చూసుకునేవాళ్ళు. తమ దేశంలో ఇలాంటి ఉక్కు చెయ్యాలని ప్రయత్నించి విఫలమయ్యామని వాళ్ళే ఒప్పుకున్నారు.

దీన్నుంచి రెండు తప్పుడు నిర్ణయాలకు పోవచ్చు. పర్షియన్లే మన కమ్మరికి విద్య నేర్పారన్నది మొదటిది. అలా అయితే వాళ్ళ దేశంలోనే చేసుకునేవాళ్ళు కదా! కమ్మరికి అంతా తెలుసు, పరదేశి ఉత్త షావుకారన్నది రెండోది. అదీ నిలవదు. దెబ్బకు ఏ ఉక్కు విరుగుతుందో, ఏ ఉక్కు మీద నీటి అలల్లాంటి గీతలు తేలతాయో కత్తి దాకా చూసినవాడికే తెలుస్తుంది. ఆ తెలివి కొనేవాడి దగ్గరుంది. మూస, తిత్తి, మంట తెలివి కమ్మరి దగ్గరుంది. ఇద్దరూ ఒకే కొలిమి ముందు కూర్చుంటేనే సరైన ముద్ద దిగింది. కొలిమి మాత్రం కమ్మరిదే. నేను చెప్పదలచిన గుణం ఇదే: వచ్చినవాడికి పని అవసరం ఉండాలి, పని ఆయువుపట్టు ఊరివాడి చేతిలో ఉండాలి.

ఆ ఏర్పాటును ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. హాజీ లాభం కోసం వచ్చాడు. ఒక్క దూరపు గిరాకీ మీద ఆధారపడ్డ విద్య ఆ గిరాకీతోనే పోతుంది. ఇంగ్లీషు వాళ్ళ వల్లే ఉక్కు చచ్చిందని ఒకే మాటలో తేల్చేవాళ్ళున్నారు. ఇది నిజాం ఏలుబడిలోని సీమ, ఆ మాట నేరుగా అతకదు. కత్తుల స్థానంలో తుపాకులు రావడం, 1740ల నుంచి షెఫీల్డ్‌లో హంట్స్‌మన్ పద్ధతి మూస ఉక్కు, 1856 తర్వాత బెస్సెమర్ చౌక ఉక్కు, బొగ్గుకు ఆధారమైన అడవి మీద పెరిగిన అదుపు కలిసి కొలుములను ఆర్పాయి. వీటిలో తొలి దెబ్బ గిరాకీ మీదే పడిందని నేననుకుంటాను. ఉత్తర తెలంగాణ ఉక్కు మీద ఏళ్ళ తరబడి శోధించి 2009లో పుస్తకం తెచ్చిన ఎస్. జైకిషన్ ఊరూరా చిట్టెపు దిబ్బలు నమోదు చెయ్యకపోతే ఈ మాత్రం వాదించడానికీ వీలుండేది కాదు.

ఆ తర్వాత వచ్చిన పరదేశులు వేరే రకం. 1940లో కుమ్రం భీం పోరాటం ముగిశాక నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ గోండుల మధ్యకు పంపింది. ఆయన భార్య బెట్టీతో మార్లవాయిలో ఉన్నాడు, గోండు ఉపాధ్యాయుల శిక్షణకు దారి వేశాడు, 1948లో రాజ్‌గోండుల మీద గ్రంథం తెచ్చాడు. బెట్టీ సమాధి ఆ ఊళ్ళోనే ఉంది. ఆయన మీద నాకు గౌరవం తక్కువ కాదు. కానీ ఆయనతో మొదలైన వరసలో పరదేశి చేతికి పనిముట్టు పోయి కలం, కెమెరా వచ్చాయి. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరు ఎన్.ఐ.ఏ.ఎస్. పరిశోధకులు కలిసి ఉత్తర తెలంగాణలో చేసిన లోహ సర్వే కూడా విలువైన నమోదే, కలిసి చేసిన పని కాదు.

కత్తి చేసే తపన ఉన్న విదేశీయులేమో ఇటు రానేలేదు. అమెరికాలో గుర్రాలకు నాడాలు కొట్టే ఆల్ఫ్రెడ్ పెండ్రే, లోహ శాస్త్రవేత్త జాన్ వెర్హోవెన్ కలిసి పాత డమాస్కస్ కత్తుల తీరు ఉక్కును మళ్ళీ సాధించారు. ఇనుములో లేశమాత్రంగా ఉండే వనేడియం వంటి లోహాల వల్లే ఆ గీతలు తేలతాయని 1998లో ప్రకటించారు. అంటే ఏ ఊరి ఇనుము అన్నదే అసలు ప్రశ్న. రెండు ఊళ్ళ ఇనుము కలిపిన కోనసముద్రం లెక్కను ఆ చేతులు ఇక్కడి కమ్మరితో కూర్చుని పరీక్షించి ఉంటే ఎంత బాగుండేదో! ఆ చేతులు ఇటు రాకపోగా, ఇప్పుడు ఈ సీమ పనివాళ్ళ కొడుకులే పని వెతుక్కుంటూ గల్ఫ్ పోతున్నారు.

కరీంనగర్ వెండి తీగ పనికి 2007లో, ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 జీ-20 అతిథులకు కరీంనగర్ వెండి బ్యాడ్జీలు అందాయి. మంచిదే. కానీ బ్యాడ్జీకి పని చేసిన కంసాలికి ముందుగా గీసిచ్చిన గుర్తు మీద చెయ్యి కదిలించే స్వేచ్ఛ ఎంత? ఉషెగాంలో మైనపు తీగ చుట్టి ఇత్తడి పోసి డోక్రా చేసే ఓజలు తమ గోండు దేవతలకు, ఉత్సవాలకు చేసే పని వేరు, ప్రదర్శనకు చేసే గుర్రం వేరు. నాలుగైదు రోజుల శిబిరానికి వచ్చిన డిజైనర్ నమూనా ఇచ్చి, ఫొటో తీసుకుని పోతే హాజీ స్థానంలో అతన్ని ఊహించుకోలేను. హాజీ పాళ్ళు తూచేదాకా ఉన్నాడు. బేరం కుదరకపోతే కమ్మరి కాదనగలిగేవాడని నా ఊహ.

విదేశీ చేతులను పిలవాలనే నా కోరిక. కనీసం ఒక రుతువు ఉండేలా, కూలీ కాక రుసుము పనివాడే చెప్పేలా, తయారైన వస్తువు మీద అతని పేరూ ఉండేలా పిలవాలి. అంతకుముందు సరుకు సంగతి ఉంది. నిర్మల్ బొమ్మకు పొనికి కర్ర దొరకడం ఏటికేడు కష్టమవుతోంది. ఉక్కు మూసకు గంపలకొద్దీ బొగ్గు కావాలి, అది అడవి నుంచే రావాలి, ఇక్కడి కవ్వాల్ అడవి 2012 నుంచి పులుల అభయారణ్యం. అడవిని కాదని ఏ కొలిమీ వద్దు. పొనికి మొక్కల పెంపకం, తోట కట్టెతో కాల్చే బొగ్గు, వీటి ఏర్పాటు తేల్చకుండా శిబిరాలకు తేదీలు ప్రకటించడం నాకు సమ్మతం కాదు.