స్వచ్ఛంద రక్తదానం: పరోపకారం బలమా, బలహీనతా అన్న వాదం

స్వచ్ఛంద రక్తదానం అంటే ఆరోగ్యవంతులు డబ్బు గానీ మరే ప్రతిఫలం గానీ తీసుకోకుండా, ముఖం కూడా తెలియని రోగి కోసం తమ రక్తాన్ని ఇవ్వడం. భారతదేశంలో 18 నుంచి 65 ఏళ్ల లోపు, కనీసం 45 కిలోల బరువున్నవారు ఇవ్వవచ్చు. ఒకసారికి 350 లేదా 450 మిల్లీలీటర్లు తీస్తారు. పురుషులు 90 రోజులు, స్త్రీలు 120 రోజులు గడిచాకే మళ్లీ ఇవ్వాలి. వైద్యులకు ఇది పావుగంట పని. సామాజిక శాస్త్రాల్లో మాత్రం ఇది పెద్ద పేచీకి కేంద్రమైంది. పరోపకారం సమాజానికి బలమా, లేక నమ్ముకున్నవాళ్లను ముంచే బలహీనతా అని తత్వవేత్తలు చాలాకాలం ఊహల మీదే వాదించుకున్నారు. 20వ శతాబ్దంలో అదే ప్రశ్న ఆసుపత్రి రికార్డుల్లోకి వచ్చింది. ఒకే రక్తాన్ని కొన్ని దేశాలు దానంగా తీసుకున్నాయి, కొన్ని కొన్నాయి. తేడా రోగుల ఒంట్లో కనబడింది.

నేపథ్యం

19వ శతాబ్దపు ఐరోపాలో ఫ్రెంచ్ తత్వవేత్త ఆగస్ట్ కోమ్టే ఇతరుల కోసం బతకడమే నీతికి పునాది అన్నాడు. జర్మనీలో నీషే జాలినీ త్యాగాన్నీ బలహీనుల నీతిగా ఈసడించాడు. ఈ ఇద్దరికన్నా ఎక్కువకాలం నిలిచింది డార్విన్ పరిశీలన. తోటివారి కోసం ప్రాణానికి తెగించేవాడు సంతానం లేకుండానే పోవచ్చు గానీ, అలాంటివాళ్లు ఎక్కువగా ఉన్న తెగ మిగతా తెగల మీద గెలుస్తుందని 1871లో వెలువడిన ‘ది డిసెంట్ ఆఫ్ మ్యాన్’లో రాశాడు. అంటే ఒకే గుణం మనిషికి నష్టం, గుంపుకు లాభం.

మన కథల్లో శరీరాన్నే దానమిచ్చినవారు శిబి, దధీచి. శిబి దగ్గరికి పావురం స్వయంగా వచ్చి శరణు కోరింది. దధీచి తన వెన్నెముకను ఎవరికి, ఎందుకు ఇచ్చాడో లోకానికంతటికీ తెలుసు. రక్తదాతకు అంత నష్టమూ లేదు, అంత కీర్తీ రాదు. ఆ పురాణ త్యాగాలకన్నా ఇది గుప్తదానానికి దగ్గర.

దాతల కార్డులు

మనిషి రక్తాన్ని మనిషికి ఎక్కించే ప్రయత్నం లండన్ వైద్యుడు జేమ్స్ బ్లండెల్ 1818లో మొదలుపెట్టాడు. కొందరు బతికారు, కొందరు పోయారు. ఎందుకో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో రక్త గ్రూపులను ప్రకటించాక గానీ అర్థం కాలేదు. అప్పటికీ రక్తం నిల్వ ఉండేది కాదు. దాతను రోగి పక్కనే పడుకోబెట్టి రక్తనాళాలను కలిపేవారు. కాబట్టి దాత అంటే బంధువో, డబ్బుకు పిలిస్తే వచ్చేవాడో. న్యూయార్క్‌లో రక్తం అమ్మడం ఒక వృత్తిగానే సాగింది.

లండన్‌లో దారి వేరైంది. 1921లో కింగ్స్ కాలేజ్ ఆసుపత్రి వాళ్లు రక్తం కావాలని క్యాంబర్‌వెల్ రెడ్‌క్రాస్ శాఖకు కబురు చేశారు. శాఖ గౌరవ కార్యదర్శి పెర్సీ లేన్ ఆలివర్ స్థానిక పురపాలక సంస్థలో ఉద్యోగి. కొందరు స్వచ్ఛంద సేవకులను వెంటబెట్టుకుని వెళ్లాడు. వారిలో ఒక నర్సు రక్తం సరిపోయింది. తర్వాత ఆయన భార్యతో కలిసి ఇంటినే ఆఫీసు చేసుకుని, పిలిస్తే ఏ వేళైనా వచ్చే దాతల జాబితా తయారుచేశాడు. ప్రతి దాతకూ ఒక కార్డు. గ్రూపు, ఆరోగ్యం, గతసారి ఎప్పుడు ఇచ్చిందీ అందులో ఉండేవి. మంచి మనసున్నవాళ్లు లండన్‌లో అంతకుముందూ ఉన్నారు. లేనివల్లా ఆ కార్డులూ ఆ టెలిఫోనే. పరోపకారాన్ని గుణంగా కాక ఒక ఏర్పాటుగా చూసిన మొదటివాళ్లలో ఈ గుమాస్తాను చేర్చాలి.

1914లో సోడియం సిట్రేట్ కలిపితే రక్తం గడ్డకట్టదని తేలడంతో దాతనూ రోగినీ విడదీసే వీలు కలిగింది. 1936లో స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫ్రెడరిక్ దురాన్ జోర్దా బార్సిలోనాలో పౌరుల రక్తం సేకరించి, చల్లబరిచిన సీసాల్లో యుద్ధరంగానికి పంపాడు. 1937లో షికాగోలోని కుక్ కౌంటీ ఆసుపత్రిలో బెర్నార్డ్ ఫాంటస్ అమెరికాలో తొలి బ్లడ్ బ్యాంకు తెరిచాడు. వాడుకున్నంత తిరిగి జమ చేయాలన్న పద్ధతి అక్కడిదే. రోగి బంధువులను రక్తం తెమ్మనే అలవాటు ఆ పద్ధతికి వారసత్వమే.

టిట్మస్ వాదం

లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఆచార్యుడు రిచర్డ్ టిట్మస్ డిగ్రీ లేని మనిషి. రక్తానికి ధర కడితేనే కొరత తీరుతుందని 1968లో బ్రిటన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనామిక్ అఫైర్స్ ఒక పుస్తకం వేసింది. దానికి జవాబుగా టిట్మస్ 1970లో ‘ది గిఫ్ట్ రిలేషన్‌షిప్’ వెలువరించాడు. ఉచిత రక్తం మీద నడిచే బ్రిటన్‌నూ, కొనుగోలు బాగా ఉన్న అమెరికానూ పోల్చి, కొన్న రక్తానికి ఖర్చెక్కువ, వృథా ఎక్కువ, కొరత ఎక్కువ, కామెర్ల ప్రమాదం మరీ ఎక్కువ అని వాదించాడు.

ఆయన చెప్పిన కారణం చాలా సూటిది. అప్పటికి కామెర్లు తెచ్చే హెపటైటిస్‌ను పట్టే నమ్మకమైన పరీక్ష వాడుకలో లేదు. ‘నీకు ఎప్పుడైనా కామెర్లు వచ్చాయా’ అన్న ప్రశ్నకు వచ్చే జవాబే పరీక్ష. ఆ పూట తిండికి రక్తం అమ్ముకునేవాడు వచ్చాయని చెబితే డబ్బు పోతుంది. ఉచితంగా ఇచ్చేవాడికి దాచవలసిన అవసరమే లేదు. ఇక్కడ పరోపకారం బలమైంది దయ వల్ల కాదు, అబద్ధంలో లాభం లేకపోవడం వల్ల. టిట్మస్ పుస్తకం నిండా సమాజం, బంధం, నైతికత గురించి చాలా ఉంది. కాలానికి నిలిచింది మాత్రం ఈ ఒక్క మెలికే.

ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో 1972లో ఎదురు ప్రశ్న వేశాడు. అమ్మేవాళ్లకు అమ్మే వీలిస్తే, ఇచ్చేవాళ్లు ఇవ్వడం ఎందుకు మానాలి? పైగా పరోపకారం అరుదైన వనరు, చిన్నాచితకా పనులకు దాన్ని ఖర్చు చేయడం తెలివైన పని కాదన్నాడు. తత్వవేత్త పీటర్ సింగర్ 1973లో టిట్మస్ తరఫున నిలబడ్డాడు. వాడకం వల్ల తరగడానికి పరోపకారం బొగ్గు కాదని ఆయన పక్షం. ఆచరణలో టిట్మస్ గెలిచాడు. సొమ్ము తీసుకోని దానాన్నే ప్రోత్సహించాలని 1975లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానించింది. 1978 నుంచి అమెరికాలో ప్రతి రక్తపు సంచి మీద దాత డబ్బు తీసుకున్నాడో లేదో ముద్రించడం తప్పనిసరి చేశారు. ఆ ముద్రతో కొన్న రక్తం ఆసుపత్రుల్లోంచి దాదాపు మాయమైంది.

నమ్మకానికి దెబ్బ

గెలిచిన పదేళ్లలోపే హెచ్‌ఐవీ వచ్చింది. రక్తం గడ్డకట్టని జబ్బైన హీమోఫీలియా రోగులకు ఇచ్చే ఫ్యాక్టర్-8 మందును వేలమంది ప్లాస్మాను, అంటే రక్తంలోని ద్రవభాగాన్ని, కలిపి తయారుచేస్తారు. ఒక్కరిది కలుషితమైతే మొత్తం కలుషితం. ఉచిత దానంతో సరిపడా ప్లాస్మా దొరకక బ్రిటన్ ఆ మందును అమెరికా నుంచి దిగుమతి చేసుకుంది. అక్కడ ప్లాస్మా కొన్నదే, అందులో జైళ్లలో సేకరించినదీ ఉంది. బ్రయన్ లాంగ్‌స్టాఫ్ విచారణ సంఘం 2024 మేలో ఇచ్చిన నివేదిక ప్రకారం బ్రిటన్‌లో 30,000 మందికి పైగా హెచ్‌ఐవీ, హెపటైటిస్ సోకాయి, దాదాపు 3,000 మంది చనిపోయారు.

దీన్ని టిట్మస్ వాదానికి రుజువుగా చెప్పుకోవచ్చు. అయితే ఫ్రాన్స్ ఆ సౌకర్యం ఇవ్వదు. అక్కడ దాతలు సొమ్ము తీసుకోలేదు. అయినా జైళ్లలో రక్తం సేకరించారు, వైరస్ చచ్చేలా వేడిచేయని మందు ప్రమాదకరమని తెలిశాక కూడా పంచారు. 1992లో జాతీయ రక్త కేంద్రం మాజీ అధిపతి మిషెల్ గారెట్టాకు జైలుశిక్ష పడింది. ఉచితంగా ఇచ్చినదాన్ని అనుమానించడం మర్యాద కాదన్న ధోరణి అక్కడ ప్రాణాలు తీసింది. పరోపకారంలో బలహీనత అంటూ ఉంటే, అది తనను తనిఖీ చేయనివ్వకపోవడమే.

చైనాలోని హెనాన్ రాష్ట్రంలో 1990ల్లో పేద రైతుల దగ్గర ప్లాస్మా కొని, మిగిలిన రక్తకణాలను కలగలిపి తిరిగి వాళ్లకే ఎక్కించారు. ఊళ్లకు ఊళ్లు హెచ్‌ఐవీ బారిన పడ్డాయి. ఆ సంగతిని బయటపెట్టిన వైద్యురాలు గావో యావోజీ చివరికి దేశం విడిచి అమెరికాలో తలదాచుకోవలసి వచ్చింది. 1998లో చైనాలో రక్తదాన చట్టం అమల్లోకి వచ్చింది.

భారతదేశంలో

రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, కలకత్తాలోని ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హైజీన్ అండ్ పబ్లిక్ హెల్త్‌లో రెడ్‌క్రాస్ నిర్వహణలో బ్లడ్ బ్యాంకు నడిచింది. 1954 నుంచి బొంబాయిలో లీలా మూల్‌గావ్‌కర్ శిబిరాలు పెట్టించారు. 1975 నుంచి అక్టోబర్ 1ని జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినంగా జరుపుతున్నారు. అయినా పెద్దాసుపత్రుల గేటు దగ్గర డబ్బుకు రక్తమిచ్చేవాళ్లు, వాళ్లను తెచ్చే దళారులు మామూలే. ‘కామన్ కాజ్’ సంస్థ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 జనవరి 4న ఇచ్చిన తీర్పుతో 1998 నుంచి రక్తం అమ్మకం ఆగాలి. గేటు దగ్గర బేరాలు చాటుకు వెళ్లాయి గానీ పూర్తిగా పోలేదు, ఎందుకంటే ఆసుపత్రులు బంధువులను ‘మీ తరఫున ఒకరిని పంపండి’ అని అడగడం మానలేదు. ఊరు కాని ఊళ్లో ఆపరేషన్‌కు వచ్చిన కుటుంబం ఎవరిని పంపుతుంది? చుట్టమని చెప్పుకునే దళారి మనిషినే. చూడటానికి దానం, లోపల బేరం. పరీక్ష గదిలో వచ్చేది టిట్మస్ భయపడిన జవాబే.

తెలుగు రాష్ట్రాల్లో రక్తదానానికి పెద్ద ఊతం సినిమా అభిమాన సంఘాలు. చిరంజీవి 1998లో హైదరాబాద్‌లో స్థాపించిన బ్లడ్ బ్యాంకు వాటి మీద ఆధారపడే పెరిగింది. హీరో పుట్టినరోజున రక్తమిచ్చే కుర్రాడిని ఏ గడిలో వేయాలో టిట్మస్‌కు తోచేది కాదేమో. అతనికి రోగి మీద జాలికన్నా నటుడి మీద అభిమానం ఎక్కువ కావచ్చు. కానీ జబ్బు దాచి సంపాదించేదేమీ లేదు గనుక ఆ రక్తంతో పేచీ లేదు. చిక్కంతా మరోచోట ఉంది. ఎర్రకణాలు 35 నుంచి 42 రోజులు, ప్లేట్‌లెట్లు 5 రోజులే నిల్వ ఉంటాయి. రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవాల్సిన తలసీమియా పిల్లలకు పుట్టినరోజుల క్యాలెండర్ పనికిరాదు. కాలేజీలు మూసే వేసవిలో శిబిరాలు తగ్గి కొరత వస్తుంది.

ప్రయోగాలు

‘టిట్మస్ చెప్పింది నిజమేనా’ అని స్వీడన్ పరిశోధకులు మెల్‌స్ట్రోమ్, యొహానెసన్ 2008లో పరీక్షించారు. దాతలుగా నమోదుకు సిద్ధపడ్డ స్త్రీలు 52 శాతం. 50 క్రోనర్లు ఇస్తామనగానే 30 శాతానికి పడిపోయారు. ఆ సొమ్మును ధర్మకార్యానికి ఇచ్చేయవచ్చు అంటే 53 శాతానికి చేరారు. పురుషుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయితే 2013లో ‘సైన్స్’ పత్రికలో లాసెటెరా, మాసిస్, స్లోనిమ్ వేరే చిత్రం చూపారు. నిజమైన రక్తదాన శిబిరాల్లో టీషర్టులు, కూపన్ల వంటి చిన్న కానుకలు దాతల సంఖ్యను పెంచాయి, రక్తం నాణ్యత తగ్గిన దాఖలాలు లేవు. పరీక్షలు బలపడ్డాక దాత నిజాయతీ మీద పడే భారం తగ్గిందని దీన్ని చదవాలి.

ప్లాస్మా దగ్గర మాత్రం దానం ఇప్పటికీ ఓడుతోంది. ప్రపంచంలో మందుల తయారీకి వాడే ప్లాస్మాలో సగానికి పైగా అమెరికాలో డబ్బిచ్చి సేకరించినదే. దాతకు సొమ్ము ఇవ్వడం అనైతికమని చట్టం చేసుకున్న దేశాలూ ఆ మందులు కొంటాయి. టిట్మస్ దేశమే ఇందుకు ఉదాహరణ. పిచ్చి ఆవు జబ్బు భయంతో 1990ల చివర్లో స్వదేశీ ప్లాస్మాతో మందులు చేయడం మానేసిన బ్రిటన్, 2002లో అమెరికాలో డబ్బిచ్చి ప్లాస్మా సేకరించే కంపెనీనే ప్రభుత్వ సొమ్ముతో కొన్నది. 2013లో అందులో 80 శాతం వాటాను బెయిన్ క్యాపిటల్‌కు అమ్మింది. బ్రిటిష్ దాతల ప్లాస్మాను మందులకు మళ్లీ అనుమతించడం 2021లో మొదలైంది.