మైకు కూత పుట్టిందిలా

కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న గుడిలోంచి గోదావరి, ప్రాణహిత కలిసే ఘాట్ దాకా నడిస్తే మైకు స్వభావమే మారిపోతుంది. 2025 మే 15 నుంచి 26 వరకు సరస్వతీ పుష్కరాలు జరిగిన ఆ ఒడ్డున హారన్ నుంచి వెళ్లిన మంత్రం సిరొంచ వైపు సాగిపోతుంది. రాతి మండపంలో మాత్రం స్తంభాలకు తగిలి తిరిగొచ్చి మళ్లీ మైకులోనే దూరుతుంది. యాంప్లిఫయర్ దాన్ని ఇంకా పెంచుతుంది. తిరిగొచ్చిన శబ్దం బయల్దేరినంత బలంగా ఉండి, అలతో అల కలిసిందా... కూయ్‌!

డెన్మార్క్ భౌతిక శాస్త్రవేత్త సోరెన్ లార్సెన్ పేరిట దీన్ని లార్సెన్ ఎఫెక్ట్ అంటారు. మనకు 'మైకు కూస్తోంది' అంటే చాలు.

కూత వయసు లౌడ్‌స్పీకర్ వయసే. 1915లో కాలిఫోర్నియాలోని నాపాలో పీటర్ జెన్సన్, ఎడ్విన్ ప్రిడమ్ మైక్రోఫోన్‌కు హారన్ తగిలించారు. ఒకే గదిలో రెండూ పొసగవు. హారన్ ఇంటికప్పు ఎక్కింది. గొంతు మైలు దూరం వినబడిందని వాళ్లు చెప్పుకున్నారు. తొలి విరుగుడు అదే, ఎడం.

మన దేశంలో కాంగ్రెస్ సభలకు షికాగో రేడియో అనే సంస్థ మైకులు పెట్టింది. గాంధీ ముందున్న మైకు మీద ఆ పేరు పాత ఫొటోల్లో ఇప్పటికీ చదవొచ్చు. 1940లో మరో మైకుల సంస్థ అహుజా మొదలైంది.

తర్వాతి విరుగుడు మైకులోనే దొరికింది. 1939లో షూర్ సంస్థ ఇంజినీరు బెంజమిన్ బావర్ చేసిన యూనిడైన్ మైకు ముందు నుంచి వచ్చే మాటను బాగా విని, వెనకవైపు చెవిటిదైంది. ఆ చెవిటితనం వెనకవైపు ఉన్న రంధ్రాల పుణ్యం. ఉత్సాహంలో జాలీని గుప్పిట బిగించే గాయకులు సరిగ్గా ఆ రంధ్రాలనే మూసేసి, కూత రాగానే ఆపరేటర్ వైపు కోపంగా చూస్తారు!

1960లలో బెల్ ల్యాబ్స్‌లో మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ మరో చమత్కారం చేశాడు. స్పీకర్‌కు వెళ్లే ధ్వనిని సెకనుకు 5 కంపనాల మేర జరిపాడు. తిరిగొచ్చే ప్రతిసారీ స్వరం పక్కకు తప్పుకోవడంతో కూత నిలదొక్కుకోలేదు. ఉపన్యాసానికి బాగుంటుంది. తంబూరా పక్కన పెడితే మాత్రం శ్రుతి పట్టిచ్చేస్తుంది. తర్వాత, కూసే స్వరాన్ని వెతికి దాన్నొక్కదాన్నే కోసేసే డిజిటల్ పెట్టెలొచ్చాయి.

మండపంలో అవేవీ లేకున్నా నడుస్తుంది. తెరిచి ఉంచిన మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ 3 డెసిబెల్స్ నష్టం, కనుక మాట్లాడనివి కట్టేయాలి. స్పీకర్ మైకు కంటే ముందుండి, జనం వైపు చూడాలి. పూజారి మూరెడు దూరంలో ఉన్న మైకును జానెడు దూరానికి తెచ్చుకుంటే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ఆపరేటర్ గెయిన్ అంతమేరకు తగ్గించేయొచ్చు.