చేతిపనియు చదువే

చదువుకొన్నవానికి చేతిపని తగదను భావము మనలో చిరకాలముగ పాతుకొనియున్నది. స్వదేశీ ఉద్యమము దానిని గట్టిగా ప్రశ్నించినది. 1910లో కోపల్లె హనుమంతరావుగారు ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్లతో కూడి మచిలీపట్టణమున ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. అచట పుస్తకముతోపాటు మగ్గమునకును, ఉలికిని చోటు దక్కినది. సర్కారు కొలువులకు గుమాస్తాలను తయారుచేయుట దాని ధ్యేయము కాదు.

1937లో వార్ధా సభయందు గాంధీజీ చేతిపని కేంద్రముగా బాలలకు విద్య గరపవలెననిరి. తరువాత, కర్నూలున జన్మించిన లక్ష్మణస్వామి మొదలియారుగారి అధ్యక్షతను 1952లో ఏర్పడిన మాధ్యమిక విద్యాసంఘము బహుళార్థసాధక పాఠశాలలను సిఫారసు చేసినది. వ్యవసాయము, వాణిజ్యము, సాంకేతిక విద్య, గృహవిజ్ఞానము ఉన్నతపాఠశాలలోనే నేర్పవలెనని దాని ఆశయము.

పాఠశాలలు తెరచితిమి, పనిముట్లు తెచ్చితిమి. కాని వృత్తివిద్య ఇరుగుపొరుగు పిల్లలకు మంచిదనుచు, మన బిడ్డలను మాత్రము కళాశాలకు దారితీయు చదువులకే పంపితిమి. లోపము పాఠ్యప్రణాళికలో కన్న మన గౌరవబుద్ధిలోనే హెచ్చుగ నున్నది.

2020 నాటి జాతీయ విద్యావిధానము 6వ తరగతినుండియే వృత్తిపరిచయము కలిగింపవలెనన్నది. ఉలి పట్టుట ఒక్కటే చాలదు. సరకునకు ధర కట్టుట, జమాఖర్చు వ్రాయుట, బేరము కుదుర్చుకొనుట కూడ నేర్పవలెను. అపుడే బాలునికి ఊరిలోనే బ్రతుకుదెరువు దొరకును. ఆ చదువునకు మొదట మన ఇంటి బిడ్డనే పంపుదము.