బుడగలు చెప్పిన చరిత్ర

మీ కాలేజీ సెమినారులో ఎవరో స్లైడ్లు చూపిస్తున్నారనుకోండి. శీర్షిక ఎడమ నుంచి దూసుకొచ్చి ఆగింది. అక్షరాలు ఒక్కొక్కటే గిరగిరా తిరుగుతూ వచ్చి తెర మీద వాలాయి. మర్నాడు అడిగి చూడండి! ఆ తిరుగుడే గుర్తుంటుంది గాని, అక్షరాల్లో ఏం రాశారో గుర్తుండదు. ఎందుకిలా?

కొంచెం వెనక్కి వెళదాం. కంపెనీల సమావేశాల్లో ఒకప్పుడు రాజ్యమేలింది ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు. పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మీద రాసిన దాన్ని దీపపు వెలుగు తెర మీదికి పంపేది. షీటును తెల్లకాగితంతో కప్పి, ఒక్కొక్క వరుసే బయటపడేలా కాగితాన్ని కిందికి జరపడం ఉపన్యాసకుల అలవాటు. అప్పటి యానిమేషన్ అదే! ఆ షీట్లను కంప్యూటర్ మీద తయారుచేసే ప్రోగ్రాము కోసం అమెరికాలో రాబర్ట్ గాస్కిన్స్ 1984లో ప్రతిపాదన రాశాడు. అది 1987లో మాకింటోష్ కంప్యూటర్ల కోసం 'పవర్‌పాయింట్' అనే పేరుతో వచ్చింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ సంస్థ దాన్ని తయారుచేసిన చిన్న కంపెనీని కోటీ నలభై లక్షల డాలర్లకు కొనేసింది. తొలి పవర్‌పాయింట్ చేసిపెట్టింది నలుపు తెలుపు షీట్లే. స్లైడ్లను కంప్యూటరే నేరుగా తెర మీదికి పంపడం మొదలయ్యాక కదలికలు వచ్చిపడ్డాయి.

కదిలే వస్తువు వైపు మన చూపు తనంతట తానే తిరుగుతుంది. కాబట్టి అర్థంలేని కదలిక చూపును లాగేసుకుని, చెప్పవలసిన విషయానికి ఏమీ మిగల్చదు. మనస్తత్వ శాస్త్రవేత్త బార్బరా ట్వెర్స్కీ, మరో ఇద్దరు పరిశోధకులు అప్పటివరకు జరిగిన ప్రయోగాలన్నిటినీ 2002లో పరిశీలించారు. నిలిచి ఉన్న బొమ్మ కంటే కదిలే బొమ్మ బాగా నేర్పుతుందనడానికి గట్టి ఆధారం వారికి దొరకలేదు! యానిమేషన్ గెలిచినట్లు కనిపించిన చోట చాలాసార్లు అందులో అదనపు సమాచారం కూడా ఉంది. వారు రెండు షరతులు చెప్పారు. బొమ్మలోని కదలిక విషయంలోని మార్పుతో సరిపోలాలి. చూసేవాడి కన్ను, బుర్ర అందుకోగలిగే వేగంలో సాగాలి.

ఈ రెండు షరతులూ కుదిరిన ప్రసంగం ఒకటుంది. 2006లో అమెరికాలో జరిగిన 'టెడ్' సమావేశంలో స్వీడన్ వైద్యుడు హాన్స్ రోస్లింగ్ చేసిన ప్రసంగమది. తన విద్యార్థులకు ఐదు జతల దేశాల పేర్లిచ్చి, ప్రతి జతలో శిశు మరణాలు ఎక్కువగా ఉన్న దేశమేదో చెప్పమంటే, ఐదింటికి సగటున 1.8 మాత్రమే సరిగ్గా చెప్పారట. కళ్లు మూసుకుని గుర్తుపెట్టినా సగటున 2.5 రావాలి కదా! అంటే వాళ్లకు తెలియకపోవడం కాదు, తప్పుగా తెలుసన్నమాట.

ఆయన తెర మీద ఒక గ్రాఫు పెట్టాడు. అడ్డంగా ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లలు, నిలువుగా ఆయుర్దాయం. ఒక్కొక్క దేశం ఒక్కొక్క బుడగ. జనాభా ఎంత ఎక్కువైతే బుడగ అంత పెద్దది. 1962లో ధనిక దేశాలు ఒక మూల, పేద దేశాలు ఎదురు మూల. ఆ తర్వాత సంవత్సరాలు దొర్లాయి, బుడగలు కదిలాయి. ఆయన క్రికెట్ కామెంటరీ చెప్పినట్లు గబగబా చెబుతూ పోయాడు. చైనా పైకి వెళ్లింది. బంగ్లాదేశ్ 1980లలో చిన్న కుటుంబాల వైపు నడిచింది. 1990లలో ఎయిడ్స్ వల్ల ఆఫ్రికా బుడగలు కిందికి జారాయి. మిగతావి దాదాపుగా ధనిక దేశాలున్న మూలకు చేరుకున్నాయి. ఇక్కడ కదలిక అలంకారం కాదు, అదే చరిత్ర. దాన్ని తీసేస్తే చెప్పడానికి ఏమీ ఉండదు.

ఆ సాఫ్ట్‌వేరు రాసింది ఆయన కొడుకు ఓలా, కోడలు అన్నా. 2007లో గూగుల్ దాన్ని కొనుక్కుంది.

రోస్లింగ్‌కు మన దేశం కొత్త కాదు. 1972లో బెంగుళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో కొంతకాలం చదివాడు. ఎక్స్‌రే పటం చూసి అక్కడి విద్యార్థులు చెప్పిన జవాబులు విని, తానే గొప్పనుకున్న భ్రమ వదిలిందని 2009లో మైసూరు సభలో ఆయనే నవ్వుతూ చెప్పాడు. అదే సభలో బుడగలను 1858 నుంచి నడిపించి, తర్వాత భవిష్యత్తులోకీ పోనిచ్చాడు. సగటు ఆదాయంలో భారత్, చైనా బుడగలు అమెరికా, బ్రిటన్‌లను అందుకునే తేదీ 2048 జూలై 27 అన్నాడు. అది ఆయన నూరవ పుట్టినరోజు. 2017లో రోస్లింగ్ కన్నుమూశాడు. ఆ తేదీ నాటికి మీ వయసెంతో లెక్కవేసుకోండి, బుడగలు ఎక్కడున్నాయో మీరే చూస్తారు.