గింజల లెక్క తప్పిన సేనాపతి



యుద్ధం అనగానే మనకు తుపాకులు, ట్యాంకులు, విమానాలే గుర్తొస్తాయి. ఆ సైన్యం ఏం తిని కొట్లాడింది, ఆ తిండి ఎక్కడి నుంచి వచ్చింది అని ఎవరూ అడగరు. గింజ పండించేవాళ్ళం కాబట్టి మనమైనా అడగాలి. అందుకే రెండో ప్రపంచ యుద్ధంలో మన దేశం గడ్డ మీదే జరిగిన పెద్ద పోరు గురించి రాస్తున్నాను. 1944లో జరిగిన ఇంఫాల్, కోహిమా యుద్ధం అది. కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

ముందు రెండేళ్ళు వెనక్కి వెళ్దాం. 1942 మార్చిలో జపాన్ వాళ్ళు బర్మా రాజధాని రంగూన్ పట్టుకున్నారు. మన కోస్తా పెద్దలు "రంగం" అనేది ఆ ఊరినే. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి వైపు నుంచి వేలమంది ఓడలెక్కి అక్కడికి కూలికి పోయేవారు. రేవులో మూటలు మోసేవారు, బియ్యం మిల్లుల్లో పని చేసేవారు. జపాన్ వాళ్ళు రావడంతో బర్మాలోని భారతీయులు లక్షల్లో బయల్దేరి, చాలామంది కొండలూ అడవులూ దాటుకుంటూ నడిచొచ్చారు. దారిలో ఆకలికీ జ్వరాలకీ ఎందరు పోయారో లెక్కే లేదు. అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి.

ఆ రోజుల్లో బర్మా నుంచి వెనక్కి తగ్గుతూ వచ్చిన సైన్యానికి పెద్ద విలియం స్లిమ్. జమీందారీ కుటుంబం కాదు, కుర్రతనంలో బడిపంతులుగా పనిచేసినవాడు. ఓడిపోయి వందల మైళ్ళు నడిచొచ్చినవాడికి ఒక సంగతి బాగా అర్థమైంది. ఆ అడవిలో తూటా కంటే ముందు మనిషిని చంపేది ఆకలి, ఆ తర్వాత మలేరియా. 1943లో 14వ సైన్యం అతని చేతికి వచ్చింది. అందులో ఎక్కువమంది మన భారతీయులే. అప్పటికి గాయాలతో ఆస్పత్రికి పోయేవాడు ఒక్కడుంటే రోగాలతో పోయేవాళ్ళు 120 మంది. మలేరియా మాత్ర రోజూ మింగాల్సిందేనని స్లిమ్ ఉత్తర్వు వేశాడు. మింగించని అధికారులను ముగ్గురిని ఉద్యోగం నుంచి తీసేశాడు. మిగతావాళ్ళు దారికొచ్చారు.

తిండి సరఫరా స్నెల్లింగ్ అనే అధికారికి అప్పజెప్పాడు. సైన్యం కోసం దగ్గర్లోనే కూరగాయల తోటలు వేయించారు. విమానాల నుంచి సరుకు దించడానికి పట్టు పారాచూట్లు చాలకపోతే, కలకత్తా మిల్లుల్లో జనపనారతో కుట్టించారు. ఖర్చు పట్టుదానిలో చిన్న వంతు, పని దాదాపు అంతే. గోగు, జనుము వేసిన రైతుకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలనిపించింది.

ఇక అవతలి వైపు చూడండి. జపాన్ 15వ సైన్యం సేనాపతి రెన్యా ముతగుచి. ధైర్యానికి లోటు లేదు, తొందరా ఎక్కువే. సుమారు 85,000 మందితో 1944 మార్చిలో దాడి మొదలుపెట్టాడు. చింద్విన్ నది దాటి, కొండలెక్కి, ఇంఫాల్ పట్టుకోవాలి. వెంట తెచ్చుకున్న తిండి సుమారు మూడు వారాలకే. ఆ తర్వాత? ఇంఫాల్‌లో బ్రిటిష్ వాళ్ళ గిడ్డంగులు ఉన్నాయిగా, అవి మనవే అనుకున్నాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు!

ఇంకో ఉపాయం కూడా వేశాడు. వేల పశువులను బర్మా ఊళ్ళ నుంచి తోలుకొచ్చాడు. దారిలో బరువు మోస్తాయి, తర్వాత కోసుకు తినొచ్చు అని. ఎద్దును పెంచినవాడికి వేరే చెప్పాలా? దుక్కి దున్నే పశువు మేత లేని కొండదారిలో, వీపు మీద బరువుతో ఎన్నాళ్ళు నడుస్తుంది? నది దాటేటప్పుడే చాలా కొట్టుకుపోయాయి. మిగిలినవాటిలో ఎక్కువ శాతం కొండల్లో కూలబడ్డాయి. ఆ పశువులు పోయిన బర్మా రైతు ఆ ఏడు దుక్కి ఎలా దున్నాడో ఏ సేనాపతీ రాసుకోలేదు.

స్లిమ్ ముందున్న దళాలను ఇంఫాల్ మైదానంలోకి వెనక్కి లాగాడు. శత్రువు ఎంత లోపలికొస్తే అతని సరఫరా దారి అంత సాగుతుందని లెక్క. ఒక్కచోట మాత్రం పొరబడ్డాడు. కోహిమాకు చిన్న దళమే వస్తుందనుకుంటే, కొతోకు సాతో కింద ఒక డివిజన్ మొత్తం దిగింది. అక్కడ పోరాడగలిగినవాళ్ళు సుమారు 1,500 మంది. ఏప్రిల్ మొదట్లో ముట్టడి మొదలైంది. డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టుకు అటొకరు ఇటొకరు కందకాలు తవ్వుకుని గ్రెనేడ్లు విసురుకున్నారు. తాగడానికి నీళ్ళు కూడా కొలిచి ఇచ్చేవారు. రెండు వారాలు అలా ఆపారు. ఏప్రిల్ 20 నాటికి సాయం అందింది.

ఇంఫాల్‌కు రోడ్డు తెగిపోయింది. అయినా ఆకాశం దారి మిగిలింది. ముట్టడి మొత్తంలో విమానాలు సుమారు 19,000 టన్నుల సరుకు చేర్చాయి. తిరిగెళ్ళేటప్పుడు గాయపడినవాళ్ళను తీసుకెళ్ళాయి. సైనికులకు రేషన్ తగ్గించారు గానీ పస్తులు పెట్టలేదు.

సాతో మనుషులకు మాత్రం వెనక నుంచి గింజ కూడా రాలేదు. నాగా ఊళ్ళలో గాదెలు ఊడ్చుకు తిన్నారు. అవీ అయిపోయాయి, పైగా వానలు పట్టుకున్నాయి. తిండి పంపండి అని సాతో ఎన్నోసార్లు అడిగాడు. చివరికి ఉత్తర్వు ధిక్కరించి తన సైన్యాన్ని వెనక్కి తిప్పాడు. జూన్ 22న కోహిమా–ఇంఫాల్ రోడ్డు తెరుచుకుంది. జులైలో ముతగుచి దాడి ఆపేశాడు. జపాన్ వాళ్ళు సుమారు 30,000 మంది చనిపోయారు. ఎక్కువమందిని చంపింది ఆకలీ, రోగాలే. వాళ్ళు తిరిగెళ్ళిన దారికి "ఎముకల దారి" అని పేరొచ్చింది. నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజ్ సైనికులూ జపాన్ పక్కన పోరాడారు. మొయిరాంగ్‌లో జెండా ఎగరేసిన ఆ మనవాళ్ళూ అదే ఆకలి పడ్డారు.

అయితే స్లిమ్ గెలిచాడు కాబట్టి ఆ సర్కారు తిండి విలువ తెలిసిన సర్కారు అనుకోకండి. అంతకు ముందు ఏడాదే, 1943లో, ఇంఫాల్‌కు వెనకే ఉన్న బెంగాల్‌లో కరువొచ్చింది. బర్మా బియ్యం ఆగింది, తుఫాను పంటను తీసింది, జపాన్ చేతికి చిక్కకూడదని సర్కారే తీరప్రాంతంలో పడవలూ బియ్యమూ లాగేసుకుంది, ధరలు ఆకాశానికి పోయాయి. సుమారు 30 లక్షల మంది పోయారని అంచనా. అందులో భూమిలేని కూలీలు, జాలర్లే ఎక్కువ. సైన్యానికి గింజ చేర్చడానికి ఆకాశంలో దారి వేసిన ప్రభుత్వానికి, గింజ పండించే ఊళ్ళకు నేల మీద దారి దొరకలేదు.

అందుకే ఈ యుద్ధం నుంచి నాకు రెండు మాటలు కనిపిస్తాయి. గింజల లెక్క తప్పినవాడు ఎంత మొనగాడైనా ఓడతాడు. ఇక లెక్క తెలిసినవాడు, ఆ లెక్కలో ఎవరి కంచాన్ని రాసుకున్నాడో కూడా చూడాలి. సేనాపతుల పేర్లు పుస్తకాల్లో మిగిలాయి. నాగా రైతు గాదె, బర్మా రైతు ఎద్దు, బెంగాల్ కూలీ కంచం మనం గుర్తుపెట్టుకుందాం.

మీ ఊళ్ళో రంగం వెళ్ళొచ్చినవాళ్ళ కబుర్లు పెద్దల దగ్గర విని ఉంటే కింద రాయండి. ఆ మాటలు పోనివ్వకూడదు.