కొలబద్ద ఎవరిది? రోమా యువత మానసిక ఆరోగ్యంపై ఒక పరిశీలన

ఐరోపాలోని మైనారిటీ జాతి అయిన రోమాల యువత మానసిక ఆరోగ్యం గురించిన చర్చ సాధారణంగా పేదరికంతో మొదలవుతుంది. ఇరుకు ఇళ్లు, నిరుద్యోగం, అడుగడుగునా అనుమానపు చూపులు. ఇవన్నీ నిజమే. అయితే అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. మనస్తత్వ శాస్త్రం వాళ్ల జీవితాల్లోకి మొదట ఏ రూపంలో వచ్చింది? చాలామంది పిల్లల దగ్గరికి అది ఓదార్పుగా కాక పరీక్షగా వచ్చింది, బుద్ధిమాంద్యం ఉందని ముద్ర వేసి వెళ్లింది.

బొగ్గు, ఉక్కులకు పేరుపడ్డ చెక్ నగరం ఆస్ట్రావా ఇందుకు సాక్ష్యం. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసమంటూ నడిపిన ప్రత్యేక పాఠశాలల్లో 1996–1999 మధ్య చేర్చబడిన 18 మంది రోమా విద్యార్థులు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. వారు సమర్పించిన లెక్కల ప్రకారం ఆ నగరపు రోమా విద్యార్థుల్లో 50.3 శాతం ప్రత్యేక పాఠశాలల్లో ఉంటే, ఇతరుల్లో 1.8 శాతమే ఉన్నారు. అంటే 27 రెట్లకు పైగా. 2006లో ఓడిన ఈ కేసును 2007 నవంబరు 13న విస్తృత ధర్మాసనం 13–4 మెజారిటీతో వారి పక్షాన తేల్చింది. తల్లిదండ్రులు సంతకం పెట్టారు కదా అని ప్రభుత్వం వాదించింది. జాతి వివక్షకు గురికాకుండా ఉండే హక్కును ఎవరూ వదులుకోలేరని ధర్మాసనం జవాబిచ్చింది. ఈ తీర్పులో నన్ను కలచివేసే వివరం మరొకటి. ఆ పరీక్షలు జరిగింది పిల్లలకు సలహా, సాయం అందించాల్సిన మానసిక సలహా కేంద్రాల్లోనే. అలాంటి గదిలోకి, అక్కడ ముద్ర పడిన పిల్లవాడు ఇరవై ఏళ్ల వయసులో, దిగులు కమ్మినప్పుడు, తనంత తానుగా ఎందుకు వెళతాడు?

హంగరీలో కొలబద్దనే జరిపారు. బుద్ధిమాంద్యానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రజ్ఞాలబ్ధి 70 దగ్గర గీసిన గీతను అక్కడి నిపుణుల సంఘం 86 దగ్గర గీసింది. అలా ప్రత్యేక పాఠశాల పాలైన ఇద్దరు రోమా యువకుల కేసులో 2013 జనవరిలో అదే యూరోపియన్ న్యాయస్థానం మరో అడుగు ముందుకు వేసింది. ప్రత్యేక బడుల్లో సాగిన జాతి వేర్పాటు చరిత్రను సరిదిద్దే బాధ్యత రాజ్యానిదేనని చెప్పింది.

మన దగ్గర రోమాల ప్రస్తావన వస్తే మాట వెంటనే లంబాడీలతో చుట్టరికం మీదికి మళ్లుతుంది. రోమాల భాష రోమానీ ఇండో-ఆర్యన్ భాష అన్నంతవరకే భాషాశాస్త్రం స్థిరంగా చెబుతుంది. ఆ మూలాల ముచ్చట వల్ల ఆస్ట్రావా పిల్లవాడికి మామూలు బడి తలుపు తెరుచుకోలేదు.

ముద్ర బడితో ఆగదు. తమ వర్గానికి తెలివి తక్కువన్న అపవాదు గుర్తుకొస్తే చాలు, పరీక్షలో ఫలితం తగ్గుతుందని మనస్తత్వవేత్తలు స్టీల్, ఆరన్‌సన్ 1995లో అమెరికాలోని నల్లజాతి విద్యార్థులతో చేసిన పరిశోధన చూపింది. తిరస్కారాన్ని ముందే ఊహించుకోవడం, తానెవరో దాచుకోవడం మనసును అరగదీస్తాయన్నది మైనారిటీ ఒత్తిడి సిద్ధాంతపు సారం. ఉద్యోగం కోసం రోమా గుర్తింపును దాచుకునే యువతకు ఈ రెండూ వర్తిస్తాయని నా అభిప్రాయం. ఈ ఒత్తిడిని వ్యక్తి బలహీనతగానో, ఇంకా అన్యాయంగా ‘వాళ్ల సంస్కృతి’గానో చూసే చికిత్స మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

చరిత్ర గాయం కూడా ఇందులో భాగమే. నాజీ ఆక్రమణ కాలంలో రోమాలను బంధించిన చెక్ దేశంలోని లెటీ శిబిర స్థలంలో 1970లలో పందుల ఫారం వెలిసింది. అక్కడ స్మారకం తెరుచుకునేసరికి 2024 వచ్చింది. తాతల చావుకు దేశం ఇచ్చే విలువను మనవలు ఇలాంటి చోట్లే తెలుసుకుంటారు. అందుకే స్మారకాన్ని కూడా నేను మానసిక ఆరోగ్య కృషిలోనే లెక్కిస్తాను.

ఆచరణలో ఆశ కలిగించేది రొమేనియా అనుభవం. రోమానీ క్రిస్ సంస్థ 1990లలో మొదలుపెట్టిన ఆరోగ్య మధ్యవర్తుల పద్ధతిని 2002లో ప్రభుత్వం చేపట్టింది. ఎక్కువగా రోమా మహిళలే అయిన ఈ మధ్యవర్తులు వాడకూ ఆసుపత్రికీ మధ్య తిరుగుతారు. మానసిక ఆరోగ్యంలోనూ ఇదే దారి కావాలి. అయితే వారిని దుబాసీలుగా వాడుకుని వదిలేయకూడదు. రోమా యువత మనస్తత్వ నిపుణులుగా చదువుకుని, పరీక్ష ప్రశ్నలు రాసేవారిలో, ఫలితాలకు అర్థం చెప్పేవారిలో ఉండాలి. 2030 వరకు సాగే ఐరోపా సమాఖ్య రోమా కార్యాచరణను ఈ గీటురాయి మీద పరీక్షించాలి.

ఇక అప్పటికే ముద్ర పడినవారి సంగతి. ఆస్ట్రావా కేసులో ఒక్కొక్కరికి 4,000 యూరోల పరిహారం దక్కింది, చదువుకోవలసిన ఏళ్లు మాత్రం తిరిగి రాలేదు. పాత నిర్ధారణల పునఃపరిశీలన, తప్పని తేలితే రికార్డుల్లో రాతపూర్వక సవరణ, వయసు అడ్డు రాకుండా ఉచిత విద్య, ఈ మూడూ వారికి రాజ్యం పడిన బాకీలు.